నైటౌటా, విడతలుగానా: ఏది మేలు?

ఇంటర్ పరీక్షలకి నెల ముందు నుంచీ కూరగాయల బండి దగ్గర కూడా నాకు ఇదే ప్రశ్న. "మేడమ్, మా గుంటడు రాత్రంతా కూర్చుంటన్నాడండి. అలాగే కానిమ్మంటారా, రోజూ కాసింత కాసింత చదవమనాలా?" జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి మెదడు గుట్టంతా నా దగ్గరే ఉందనుకుంటారు. ఈ ఏడాది నాకూ ఇదే సమస్య ఎదురైంది. మా అబ్బాయికి ఒడిశాలోని కటకం (కటక్) ఊరి సంబంధం కుదిరింది. వియ్యపురాలితో నాలుగు ముక్కలు మాట్లాడాలని ఒడియా మొదలుపెట్టాను. ఒక ఆదివారమంతా కూర్చుని అక్షరాలు దిద్దితే, బుధవారానికి సగం పోయాయి.

నైటౌట్‌ని నేను పూర్తిగా కొట్టిపారేయను. రేపు యూనిట్ టెస్ట్ ఉంటే పనికొస్తుంది. అప్పటికప్పుడు గుర్తుండటానికి మెదడు కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు. సైనాప్స్ దగ్గర, అంటే రెండు నాడీకణాలు కలిసే చోట, ఉన్న ప్రోటీన్లకే ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్క తగిలించి, సిగ్నల్ అందుకునే రిసెప్టర్లలో ఉన్నవాటినే ముందుకు తెచ్చి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు త్వరగానే వదులైపోతుంది. రోజుల తరబడి నిలవాలంటే మాత్రం కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి.

నా లెక్కలో తేల్చాల్సింది ఎన్ని గంటలు చదివారన్నది కాదు, చదువుకీ చదువుకీ మధ్య ఎంత ఖాళీ ఇచ్చారన్నది. 1960లలో అగ్రనాఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గోల్డ్‌ఫిష్‌లకి ఒక పని నేర్పి, వెంటనే ప్రోటీన్ తయారీని ఆపే ప్యూరోమైసిన్ ఎక్కించాడు. కొన్ని రోజులకి చూస్తే చేపలు పాఠం మరిచాయి. అదే మందు గంట ఆగి ఎక్కిస్తే ఏమీ కాలేదు. నాకు బాగా నచ్చే ముక్క తర్వాతది: శిక్షణ ఇచ్చిన తొట్టిలోనే చేపని ఉంచేస్తే ఆ గంట మొదలే కాలేదు. సొంత తొట్టికి చేరాకే జ్ఞాపకం గట్టిపడటం మొదలైంది. పుస్తకం ముందు నుంచి లేవనివాడి సంగతి నాకు ఆ చేపని చూస్తే గుర్తొస్తుంది.

1994లో టల్లీ అనే శాస్త్రవేత్త బృందం పండ్ల ఈగలకి ఒక వాసనతో పాటు షాక్ ఇచ్చి, ఆ వాసన నుంచి తప్పుకోవడం నేర్పింది. కొన్నిటికి పది పాఠాలు ఏకబిగిన, కొన్నిటికి పాఠానికీ పాఠానికీ మధ్య 15 నిమిషాల విరామం. పాఠాలు పదే, ఈగలూ అవే జాతి. విరామం ఇచ్చినవాటికి వారం తర్వాతా గుర్తుంది, ఏకబిగిన నేర్చినవి నాలుగు రోజుల్లో మరిచిపోయాయి. ప్రోటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ పెడితే విరామంతో నేర్చినవాటి జ్ఞాపకం సగానికి పడింది, ఏకబిగిన నేర్చినవాటికి తేడా లేదు. ఉండదు మరి, వాటిలో కొత్తగా కట్టిందేదీ లేదు. ఈగ మాట మనిషికెందుకంటారా? 1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త తన మీద తానే లెక్క తీశాడు: ఒకే రోజు 68 సార్లు వల్లె వేస్తే వచ్చిన ఫలితం, మూడు రోజులకి పంచితే 38 సార్లకే వచ్చింది.

ఈ ప్రోటీన్లన్నీ నాడీకణం మధ్యలో తయారై సైనాప్స్ దాకా అంత దూరం రావాలా అని క్లాసులో అడుగుతారు. అక్కర్లేదు. మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఐసు నింపుకునే బయల్దేరతాయి. వల బరువెక్కాక ఐసు కోసం ఒడ్డుకి రాలేరు కదా. అలాగే డెండ్రైట్లలో, అంటే సిగ్నల్ అందుకునే నాడీకణం కొమ్మల్లో, ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి నమూనా), రైబోజోములు (ప్రోటీన్ తయారుచేసే యంత్రాలు) ముందే ఉంటాయి. 1982లో స్టీవర్డ్, లెవీ అనే శాస్త్రవేత్తలు డెండ్రైట్ల మీద సైనాప్స్‌లుండే ముళ్లలాంటి బొడిపెల మొదళ్లలోనే రైబోజోముల గుంపుల్ని చూశారు. సిగ్నల్ తగిలిన చోటే సరుకు తయారు.

నైటౌట్‌కి నేను మార్కులు కోసేది నిద్ర దగ్గర. ఎలుకల్ని ఐదు గంటలు నిద్రపోనివ్వకపోతే మెదడులో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో ప్రోటీన్ తయారీ తగ్గిందని 2016లో తేలింది. తయారీని తిరిగి నిలబెడితే జ్ఞాపకమూ నిలబడింది. అంటే రాత్రంతా కూర్చున్నవాడు విరామమూ పోగొట్టుకున్నాడు, తయారీనీ తగ్గించుకున్నాడు.

తెల్లవారుజామున నాలుగింటికి లేవడం? తొమ్మిదికి పడుకుంటే బంగారం, పన్నెండుకి పడుకుంటే అదీ నైటౌటే. బాదం పప్పు, సరస్వతీ ఆకు, టానిక్కులు అంటారా, తిన్న ప్రోటీన్ కడుపులోనే ముక్కలైపోతుంది. ఏ సైనాప్స్‌లో ఏది కట్టాలన్నది పొట్ట చెప్పదు.

నేను ఒడియాకి రోజూ ఇరవై నిమిషాలే ఇస్తున్నాను, తర్వాత పుస్తకం మూసి బీచ్ రోడ్డు మీద నడక. వియ్యపురాలితో ఫోన్లో వంటల దాకా వచ్చాం. ఆ గుంటడి తల్లికి మాత్రం, ఫిజిక్స్ గంట చదివాక పావుగంట లేవనివ్వమనీ, అదే పాఠం రేపొకసారి, వారానికొకసారి తిప్పించమనీ చెప్పాను. పరీక్ష రేపే అయితే కూర్చోనివ్వమన్నాను, పదకొండున్నరకి లైటు తీసేయమని.