క్యాన్సర్ కణంలో మైటోకాండ్రియా: ఊపిరి బిగించడం మేలా, తలుపు తీయడం మేలా?

కణంలో శక్తిని తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియా మీద పనిచేసే క్యాన్సర్ మందుల్లో, వాటి శ్వాసక్రియను ఆపేవి (ఊపిరి బిగించేవి) మేలా, వాటి పొరలో కణమరణానికి తలుపు తీసేవి మేలా అన్న ప్రశ్న ఈ ఏడాది నాకు పది పన్నెండు సార్లయినా ఎదురైంది. ప్రాజెక్టు గురించి మాట్లాడటానికి సాయంత్రాలు హబ్సిగూడలోని మా ఇంటికి వచ్చే ఎమ్మెస్సీ విద్యార్థులు ఒక రకంగా అడుగుతారు. షుగరు మాత్ర క్యాన్సర్‌ను ఆపుతుందని వాట్సాప్‌లో చదివిన బంధువులు మరో రకంగా అడుగుతారు. కణానికి ఇంధనమైన ఏటీపీ ఎలా తయారవుతుందో తెలిసినవారిని దృష్టిలో పెట్టుకొని, ఇద్దరికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒక పాత అభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. ఆక్సిజన్ అందుతున్నా క్యాన్సర్ కణాలు గ్లూకోజును లాక్టేట్‌గా (లాక్టిక్ ఆమ్లంగా) మారుస్తాయని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలో గమనించారు. ఆ పరిశీలన సరైనదే. గ్లూకోజు పట్ల ఆ కణాలకున్న ఆబను ఆధారం చేసుకొనే నేటికీ పెట్ స్కాన్లు తీస్తున్నారు. అయితే శ్వాసక్రియ చెడిపోవడమే రోగానికి మూలమని 1956లో ఆయన చేసిన వాదన మాత్రం నిలవలేదు. చాలా క్యాన్సర్లలో మైటోకాండ్రియా చక్కగా పనిచేస్తూనే ఉంటాయి. ఏటీపీ కోసమే కాక, డీఎన్‌ఏ నిర్మాణానికి కావలసిన అస్పార్టేట్ వంటి ముడిసరుకు కోసం కూడా కణం వాటి మీద ఆధారపడుతుంది. ఊపిరి బిగిస్తే కణం చస్తుందన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

ప్రయోగశాల గిన్నెలో ఈ ఆలోచన ఎంత బలంగా కనబడుతుందో, అంతగా మోసగిస్తుంది కూడా. మైటోకాండ్రియా శ్వాసక్రియ గొలుసులో మొదటి కొలికి అయిన కాంప్లెక్స్-1ను అడ్డగించే మందును కణాలకు కలిపి రాత్రంతా ఉంచితే, గులాబీ ఎరుపులో ఉన్న పోషక ద్రవం తెల్లారేసరికి పసుపు పచ్చగా మారుతుంది. కణాలు చావలేదు, శ్వాసక్రియ మానుకొని, గ్లూకోజును లాక్టేట్‌గా కక్కుతూ ద్రవాన్ని పుల్లబరిచాయి. సాధారణంగా వాడే ఆ ద్రవంలో లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజు ఉంటుంది, అంటే మన రక్తంలో ఉండేదానికి సుమారు అయిదింతలు. గ్లూకోజు తీసివేసి గెలాక్టోజు అనే మరో చక్కెర పోస్తే, శ్వాసక్రియ లేకుండా దానితో బతకలేవు గనుక, అదే మందుకు అవే కణాలు చచ్చిపోతాయి. ఏ పోషణలో పరీక్షించామో చెప్పకుండా ఈ మందు పనిచేసింది, పనిచేయలేదు అనడంలో అర్థం లేదు.

కాంప్లెక్స్-1నే అడ్డగించే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ విషయంలోనూ ఇదే చిక్కు. గిన్నెలో దాన్ని తరచుగా మిల్లీమోలార్ గాఢతలో పోస్తారు. మాత్ర మింగిన మనిషి రక్తంలో అది మైక్రోమోలార్ (మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు) స్థాయిని దాటదు. మధుమేహం లేని 3,600 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ రోగుల మీద నడిచిన పెద్ద పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. రోజుకు రెండుసార్లు 850 మిల్లీగ్రాముల చొప్పున అయిదేళ్లు వాడాలన్నది ప్రణాళిక. వ్యాధి తిరగబెట్టడంలో ప్రయోజనం కనిపించలేదు. అంతకంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైన కాంప్లెక్స్-1 మందు ఐఏసీఎస్-010759 సంగతి మరోలా ముగిసింది. రోగుల రక్తంలో లాక్టేట్ పెరిగింది, నరాలు దెబ్బతిన్నాయి, పరీక్షలు ఆపేయాల్సి వచ్చింది. ఆ వివరాలు 2023లో ప్రచురితమయ్యాయి. గిన్నెలోని పసుపు రంగే మనిషి రక్తంలో లాక్టేట్‌గా తేలిందన్నమాట.

నా దృష్టిలో తీర్పు చెప్పవలసిన అంశం ఇదే. మందు ఎంత గట్టిదన్నది తర్వాతి మాట. అది దెబ్బ కొట్టే చోట రోగకణానికీ ఆరోగ్యకణానికీ ఎంత ఎడం ఉందన్నది ముందు మాట. శ్వాసక్రియ దగ్గర ఆ ఎడం చాలా తక్కువ, ఎందుకంటే దాని మీద అందరికంటే ఎక్కువగా ఆధారపడేవి గుండె, మెదడు, నరాలు. ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. తర్వాత ఆయన బృందం రూపొందించిన అమినోప్టెరిన్‌ను 1940ల చివర ల్యూకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చినప్పుడు, అది ఇంధనం జోలికి పోకుండా డీఎన్‌ఏ తయారీకి కావలసిన ఫోలేట్ దారిని అడ్డగించింది. దీన్ని కాకతాళీయమనే అనాలి గాని, నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇక తలుపు సంగతి. మైటోకాండ్రియా బయటి పొర మీద బీసీఎల్-2 అనే ప్రోటీన్ కాపలా ఉండి, మరణ సంకేతాన్ని మోసే బిమ్ వంటి ప్రోటీన్లను పట్టి ఉంచుతుంది. వెనెటోక్లాక్స్ అనే మందు ఆ పట్టు గాడిలో దూరి కూర్చోగానే బిమ్ విడుదలవుతుంది. బ్యాక్స్, బ్యాక్ ప్రోటీన్లు పొరకు రంధ్రాలు చేస్తాయి. లోపలి సైటోక్రోమ్-సి ప్రోటీన్ బయటికి కారి, కణాన్ని కోసిపారేసే కాస్పేజు ఎంజైములను మేల్కొలుపుతుంది. కొన్ని రక్త క్యాన్సర్ల కణాలు మరణ సంకేతాలతో నిండిపోయి, బీసీఎల్-2 అడ్డు మీదనే బతికి ఉంటాయి. పెద్దల గుండెలోనూ మెదడులోనూ ఈ మరణయంత్రాంగం చాలావరకు అణగి ఉంటుంది. ఊపిరి బిగిస్తే ముందుగా నలిగే అవయవాలే ఇక్కడ తలుపు దగ్గర గట్టిగా ఉన్నాయి, కాబట్టి నా మొగ్గు ఇటువైపే.

మా పెద్దమ్మగారికి అక్యూట్ మైలాయిడ్ ల్యూకేమియా అని తేలినప్పుడు అజాసిటిడిన్ అనే మరో మందుతో కలిపి వెనెటోక్లాక్స్‌నే మొదలుపెట్టారు. మొదటి మూడు రోజులు మోతాదును మెట్లుమెట్లుగా పెంచుతూ, పొటాషియం, యూరిక్ యాసిడ్ కోసం పదేపదే రక్తం తీశారు. కణాలు ఒక్కసారిగా కూలితే వాటి సరుకంతా మూత్రపిండాల మీద పడుతుంది. ఫంగస్ మందు చేర్చిన రోజున వెనెటోక్లాక్స్ మోతాదును బాగా తగ్గించారు, ఆ రెండూ కాలేయంలో ఒకే ఎంజైము దగ్గర తగులుకుంటాయి గనుక. తీవ్ర కీమోథెరపీకి తట్టుకోలేని రోగులపై జరిగిన పెద్ద పరీక్షలో ఈ జంట మందులు వాడినవారి మధ్యగత జీవితకాలం 14.7 నెలలు, అజాసిటిడిన్ ఒక్కటే వాడినవారిది 9.6 నెలలు. అది గొప్ప మెరుగుదలే, కానీ నయం కావడం కాదు.

ఈ దారికి ముళ్లు లేకపోలేదు. ఎంసీఎల్-1 అనే మరో కాపలాదారు మీద ఆధారపడే కణాలకు వెనెటోక్లాక్స్ పెద్దగా పట్టదు. ఆ ఎంసీఎల్-1ను అడ్డగించబోయిన కొన్ని మందులు గుండెను దెబ్బతీశాయి. బీసీఎల్-ఎక్స్ఎల్ అనే ఇంకో కాపలాదారును కూడా పట్టిన నావిటోక్లాక్స్ అనే మందు ప్లేట్‌లెట్ల సంఖ్యను పడగొట్టింది. ఊపిరితిత్తులు, పెద్దపేగు వంటి గడ్డ క్యాన్సర్లలో ఇప్పటికి విజయం అంతంతమాత్రమే. పైగా వెనెటోక్లాక్స్, అజాసిటిడిన్ కలిసి ల్యూకేమియా మూలకణాల శ్వాసక్రియను కూడా దెబ్బతీస్తున్నట్టు తేలింది కనుక, నేను గీసిన గీత అంత నిటారుగా లేదని ఒప్పుకోవాలి.

మిగిలినవాటికి రెండు మాటలు చాలు. మైటోకాండ్రియాలోని ఐడీహెచ్-2 ఎంజైము జన్యువులో మార్పు ఉన్న ల్యూకేమియాకు 2017లో అనుమతి పొందిన ఎనాసిడెనిబ్ మంచి మందే, కానీ ఆ మార్పు ఉన్నవారికే. అన్నం, చక్కెర మానేస్తే కణం మాడిపోతుందన్నది నిలవని మాట; మనం మానినా కాలేయం గ్లూకోజును తయారుచేస్తూనే ఉంటుంది, అప్పటికే బరువు తగ్గిన రోగి మాత్రం ఇంకా చిక్కిపోతాడు.

ఈసారి ప్రాజెక్టుకు కాంప్లెక్స్-1 అంశం ఎంచుకుంటానన్న విద్యార్థినికి, రోగుల కణాలు ఏ కాపలాదారు మీద ఆధారపడుతున్నాయో కొలిచే బీహెచ్-3 ప్రొఫైలింగ్ తీసుకోమన్నాను. ఆ పరీక్షకు బతికున్న కణాలే కావాలి కనుక, నమూనా ఆసుపత్రి నుంచి ఏ వేళకు ల్యాబ్ చేరుతుందో ఆమె ముందుగా కనుక్కుంటోంది.