పిన్నికి హైడ్ చేశాను, బాబాయి ఫోన్లో చూసేసింది: ఇన్నేళ్లు వాడాక వాట్సాప్ స్టేటస్ ప్రైవసీ మీద నా మాట

వాట్సాప్‌లో ఈ ఫొటోల స్టేటస్ వచ్చింది 2017 ఫిబ్రవరిలో. వచ్చిన వారం పది రోజుల్లోనే పెట్టడం మొదలుపెట్టాను, ఇప్పటికీ వదల్లేదు. అంతకుముందు స్టేటస్ అంటే పేరు కింద ఒక లైను, అంతే. మా నాన్నది ఫోన్ కొన్నప్పటి నుంచీ ‘అవైలబుల్’ అనే ఉండేది, నిద్రపోతున్నా అవైలబులే. ఇక్కడ పాటలు, స్టిక్కర్ల సంగతి రాయడం లేదు. మనం పెట్టింది ఎవరికి కనిపిస్తుంది, ఎవరు చూశారో మనకెలా తెలుస్తుంది, ఆ రెండే.

ముందే చెప్పేస్తా, సెట్టింగ్ చెప్పిన పని చేస్తుంది. ఫలానా నంబరుకి వద్దు అంటే ఆ నంబరుకి కనిపించదు, నాకు ఒక్కసారి కూడా తేడా రాలేదు. కాకపోతే దానికి తెలిసింది నంబరు మాత్రమే. మన ఇళ్లలో ఫోను ఒక మనిషిది కాదు, ఇంట్లో ఎవరి చేతికి అందితే వాళ్లది. నేను పడ్డ తిప్పల్లో సగం ఈ ఒక్క దాని వల్లే.

2019 కార్తీకమాసం. తెనాలిలో బాబాయి వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం, రమ్మని రెండుసార్లు ఫోన్ చేశారు. ఆఫీసులో సెలవు లేదని చెప్పి మేం అరకు వెళ్లాం. అబద్ధమే, ఒప్పుకుంటున్నా, టికెట్లు రెండు నెలల ముందే తీసుకున్నాం మరి. బొర్రా గుహల దగ్గర ఫొటోలు దిగాక చేతులు ఊరుకోలేదు. స్టేటస్ ప్రైవసీలోకి వెళ్లి, ‘మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్’ నొక్కి, పిన్నినీ ఆవిడ కూతుర్నీ కోడల్నీ టిక్ పెట్టి పక్కన పడేసి, అప్పుడు పెట్టాను. బాబాయిని వదిలేశాను, ఎందుకంటే ఆయనకి ఫోన్ అంటే పొద్దున పేపరు వాడికి, సాయంత్రం పాలవాడికి, అంతే. మధ్యాహ్నం చూసినవాళ్ల లిస్టులో బాబాయి పేరు కనిపించింది. ‘అబ్బో, ఈయన కూడా స్టేటస్‌లు చూడటం నేర్చుకున్నాడే’ అని మా ఆయనకి చూపించి నవ్వాను కూడా. సాయంత్రం పిన్ని ఫోన్.

“ఏమే, గుహలు బాగున్నాయా? మీ ఆఫీసు ఇప్పుడు అక్కడికి మార్చారా?”

తన ఫోన్లో నెట్ అయిపోయిందట, వ్రతం ఫొటోలు పంపడానికి బాబాయి ఫోన్ తీసుకుందట. అంటే నా లిస్టులో బాబాయి పేరుతో ఉన్నది పిన్ని. అప్పటి నుంచి నేను మనిషిని హైడ్ చేయను, ఇంటిని హైడ్ చేస్తాను. పిన్నికి వద్దనుకుంటే బాబాయికీ, వాళ్ల పిల్లలకీ, వాళ్లింట్లో పైన అద్దెకుండే టీచరమ్మగారికీ వద్దు. ఆవిడతో నాకేం పేచీ లేదు పాపం, మేడ మెట్లు దిగితే పిన్ని వాళ్ల వరండానే, అందుకు.

స్టేటస్ వచ్చిన ఆ 2017లోనే సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీల బెంచ్ గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. మా పిన్ని ఆ తీర్పు చదవలేదు.

కొత్తవాళ్ల కోసం సెట్టింగుల సంగతి గబగబా. మూడు రకాలు. మన ఫోన్లో సేవ్ అయినవాళ్లందరికీ అన్నది ఒకటి, వాళ్లలో కొందరు తప్ప అన్నది రెండోది, ఏరుకున్న కొందరికే అన్నది మూడోది. హైడ్ చేసినట్టు వాళ్లకి మెసేజ్ ఏమీ వెళ్లదు. మీరు ఎవరిదైనా మ్యూట్ చేసినా వాళ్లకి తెలియదు. ఇరవైనాలుగు గంటలకి అదే పోతుంది. ఇంకొకటి నేను ఆలస్యంగా తెలుసుకున్నా: పెట్టేశాక సెట్టింగ్ మారిస్తే అప్పటికే పెట్టినదానికి అది వర్తించదు, ఆ తర్వాత పెట్టేవాటికే. ఒకసారి పెట్టేసి, ఆడపడుచు గుర్తొచ్చి, ఆదరాబాదరాగా ఆవిడని ‘ఎక్సెప్ట్’లో చేర్చి హమ్మయ్య అనుకున్నా, గంటలో ఆవిడ పేరు చూసినవాళ్లలో కళకళలాడుతోంది. అలాంటప్పుడు డిలీట్ చేసి మళ్లీ పెట్టడమే దారి, ఈలోపు చూసేసినవాళ్లు చూసేసినట్టే.

2023 ఫిబ్రవరిలో ప్రతి స్టేటస్‌కీ విడిగా ఎవరికి చూపించాలో పెట్టే ముందే ఎంచుకునే వీలు వచ్చింది. మంచిదే, కానీ చివరిసారి ఏది ఎంచుకున్నామో తర్వాతిదానికీ అదే ఉండిపోతుంది, ఇది మర్చిపోతే అంతే సంగతులు. నేను ఒక నగ కొన్నప్పుడు నలుగురికే కనిపించేలా పెట్టాను. నగ సంగతి అందరికీ ఎందుకు. మూడు రోజుల తర్వాత గృహప్రవేశం పిలుపు, పైన గణపతి బొమ్మ, కింద ముహూర్తం, బాగా కుదిరిన కార్డు, స్టేటస్ పెట్టి పనుల్లో పడిపోయా. సాయంత్రానికి చూసింది నలుగురు. ఏంటి, ఎవరికీ మా ఇంటి మీద ఆసక్తే లేదా అని కాస్త మనసు చివుక్కుమంది కూడా. అమ్మ ఫోన్ చేసి “పెదనాన్న వాళ్లకి పిలుపే అందలేదంటున్నారే” అనేదాకా నాకు వెలగలేదు. తప్పు నాదే, పెట్టేముందు కింద ఎవరికి వెళ్తోందో రాసే ఉంటుంది, ఎవరు చూస్తారు.

ఇక అసలు జబ్బు చూసినవాళ్ల లిస్టు. కింద కన్ను బొమ్మ, దాని పక్కన అంకె, నొక్కితే పేర్లు, ఎప్పుడు చూశారో టైముతో సహా. మొదట్లో సరదాగానే ఉండేది. తర్వాత తర్వాత పెట్టినదానికంటే లిస్టు చూసుకోవడమే ఎక్కువైంది. చిన్నత్తయ్య పదింటికి చూసింది, పాప పుట్టినరోజు అని తెలుసు, ఒక్క ముక్క విష్ చేయలేదు. ఫలానా ఫ్రెండ్ నా మెసేజ్‌కి రెండు రోజులుగా జవాబు ఇవ్వట్లేదు కానీ స్టేటస్ పెట్టిన మూడు నిమిషాల్లో చూసింది. చూడనివాళ్ల మీద ఇంకో రకం కోపం. మా ఆయన ఒకరోజు “నువ్వు స్టేటస్ పెట్టట్లేదు, అటెండెన్స్ తీసుకుంటున్నావు” అన్నాడు. కోపం వచ్చింది, ఎందుకంటే అప్పటికి నేను ఎవరు చూడలేదా అని కాంటాక్ట్స్‌తో సరిపోల్చుకుంటూ ‘ఎస్’ అక్షరం దాకా వచ్చేశాను.

నేనూ వేరేవాళ్ల లిస్టుల్లో అలాగే పడుతున్నా కదా అని అప్పుడు తట్టింది. తోటికోడలి స్టేటస్ పొరపాటున వేలు తగిలి తెరుచుకున్నా నా పేరు అక్కడ పడిపోతుంది. చూశాక ఏదో ఒకటి అనాలి, అనకపోతే ‘చూసి కూడా’ అంటారు. ఈ ‘చూసి కూడా’ అన్న మాట మా ఇళ్లలో స్టేటస్‌తోనే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు.

అందుకని 2022లో రెండు నెలలు బ్లూ టిక్కులు, అదే మెసేజ్ చదివినట్టు చూపించే నీలం గుర్తులు, ఆపేశాను. అవి ఆపేస్తే మీరు ఎవరిది చూసినా వాళ్ల లిస్టులో మీ పేరు రాదు, మీది ఎవరు చూశారో మీకూ తెలియదు. ఇచ్చి పుచ్చుకోవడం, న్యాయంగానే ఉంది. ఫేస్‌బుక్ లాంటి పాత సైట్ ఆర్కుట్‌లోనూ ఇంతే, మన ప్రొఫైల్‌కి ఎవరొచ్చారో చూడాలంటే మన రాకపోకలూ వాళ్లకి చూపించాల్సిందే, అది 2014లో మూతపడింది గానీ ఆ పద్ధతి మాత్రం ఇక్కడ బతికే ఉంది. ఆ రెండు నెలలూ ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మళ్లీ ఎందుకు ఆన్ చేశానంటే, చాట్లకీ స్టేటస్‌కీ కలిపి ఒకటే బటన్. అమ్మ ఒక్కతే రైల్లో వస్తోంది, కోచ్ నంబరు మెసేజ్ పెట్టా, చూసిందో లేదో తెలియదు, ఫోన్ ఎత్తదు, సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆ గంటసేపు టెన్షన్ నాకు తెలుసు. ఈ రెంటికీ వేర్వేరు బటన్లు ఉంటే అడిగినంత ఇచ్చేదాన్ని. అన్నట్టు గ్రూపుల్లో బ్లూ టిక్కులు ఆగవు, అక్కడ చదివితే చదివినట్టు తెలిసిపోతుంది.

ఆ లిస్టు వల్ల నాకు జరిగిన ఒకే ఒక్క మేలు చెప్తా. పాప స్కూల్ యూనిఫామ్‌లో, బ్యాడ్జీ స్పష్టంగా కనిపిస్తూ, ఒక ఫొటో పెట్టాను. రాత్రి పదకొండున్నరకి చూసినవాళ్లలో ‘ఫ్రిజ్ రిపేర్’. గుండె ఝల్లుమంది. అతను చెడ్డవాడని కాదు, పనిమంతుడే, రెండుసార్లు వచ్చి గ్యాస్ నింపి వెళ్లాడు. కానీ నా పాప ఏ స్కూల్లో చదువుతుందో అతనికి ఎందుకు? విషయం ఏంటంటే స్టేటస్ కనిపించాలంటే ఇద్దరి ఫోన్లలోనూ ఒకరి నంబరు ఒకరికి సేవ్ అయి ఉండాలి. నేను సేవ్ చేసుకున్నా, అతనూ చేసుకున్నాడు, అంతే. ఆ రాత్రే కూర్చుని కాంటాక్ట్స్ మొత్తం తిరగేశా. ఆరువందల పైచిలుకు. ప్లంబర్, పాత ఇంటి వాచ్‌మన్, ఎప్పుడో రైల్లో పరిచయమైన ఆవిడ, షాద్‌నగర్ ప్లాట్ల బ్రోకరు (రోజూ ఆయన స్టేటస్‌లు నేను చూడటమే అనుకున్నా, నావి ఆయనా చూస్తున్నాడు), మూడు సార్లు మారిన పనమ్మాయిల నంబర్లు మూడూ. ‘నా కాంటాక్ట్స్’ అనగానే మనకి మన వాళ్లు గుర్తొస్తారు, ఫోనుకి మాత్రం నంబరు ఉన్న ప్రతివాడూ మనవాడే. ఆ రాత్రి నుంచి పాప ఫొటోలు మూడో రకంలోనే, ఇరవైమూడు మందికి. ‘ఫలానావాళ్లు తప్ప’ పెడితే కొత్తగా ఏ నంబరు సేవ్ చేసినా వాళ్లు తలుపు లోపలే ఉంటారు, ‘ఫలానావాళ్లకే’ అయితే బయట ఉంటారు. పిల్లల ఫొటోలు పెట్టేవాళ్లు దయచేసి ఈ ఒక్కటి మార్చుకోండి.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ కూడా వాడతాను, తక్కువ. ఇన్‌స్టాలో ఏరుకున్న కొందరికే స్టోరీ చూపించే ‘క్లోజ్ ఫ్రెండ్స్’ 2018 నుంచి ఉంది, లిస్టు బయటికి తెలియదు గానీ లోపల ఉన్నవాళ్లకి ఆకుపచ్చ రింగు కనిపిస్తుంది కాబట్టి ‘నాకు ఆకుపచ్చ వచ్చింది, నీకు రాలేదా’ అని కజిన్స్ పెళ్లిలో చర్చ పెట్టుకున్నారంటే చూసుకోండి. ఫేస్‌బుక్ పోస్టులో ‘ఫ్రెండ్స్’ అని పెట్టినా ఎవరినైనా ట్యాగ్ చేస్తే వాళ్ల ఫ్రెండ్స్‌కీ కనిపించే వీలుంది, ‘ఫ్రెండ్స్’ పక్కన వచ్చే ఆ ప్లస్ గుర్తు ఎవరూ చూడరు. 2020 మేలో మన దేశంలో ప్రొఫైల్ లాక్ ఇచ్చారు, ఫ్రెండ్స్ కానివాళ్లకి మన ఫొటోలు, పోస్టులు కనిపించకుండా, మా ఊరి ఆడపిల్లలు చాలామంది అదే వాడుతున్నారు, నేనూ అంతే. అక్కడ మన ప్రొఫైల్ ఎవరు చూశారో తెలుసుకునే దారి లేదు, ‘మీ ప్రొఫైల్ చూసినవాళ్లు వీళ్లే’ అని వచ్చే యాప్‌లన్నీ దొంగవే. మా తమ్ముడి వరస కుర్రాడు ఒకడు అలాంటిదానికి పాస్‌వర్డ్ ఇచ్చి, వాడి పేరుతో మా అందరికీ డబ్బు అడిగే మెసేజ్‌లు వస్తే తిట్టుకుంటూ కూర్చున్నాం.

స్క్రీన్‌షాట్ సంగతి కూడా అనుకోవాలి. స్టేటస్‌ని ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే మనకి తెలియదు. నేను ఏరి కోరి పంపిన ఇరవైమూడు మందిలో ఒకరు పాప డాన్స్ ఫొటోని ప్రేమతోనే తీసి ‘మన వంశం’ గ్రూపులో పెట్టారు. నూటపదహారు మంది ఉన్న గ్రూపు. ఏమంటాం, కింద పిన్ని పెట్టిన చప్పట్లే మొదటివి.

మార్కులు అడిగితే అయిదుకి మూడున్నర ఇస్తా, అర మార్కు కోసిందీ ఆ ఒకే బటన్ గురించే, మిగతాది నా కాంటాక్ట్స్ లిస్టుకి.

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్తే, అరిసెలు వత్తుతూ వత్తుతూ పిన్ని చెయ్యి తుడుచుకుని నా పక్కన కూర్చుంది. “స్టేటస్‌లు కొందరికి పడకుండా పెట్టొచ్చంట కదే, నువ్వు పెడతావు కదా, ఆ బటన్ ఎక్కడుందో చూపించు” అంది. అరకు సంగతి ఇంకా మర్చిపోలేదని అర్థమైంది. ఇటివ్వు, పెట్టి ఇస్తా అని చెయ్యి చాపాను. “నువ్వు నోటితో చెప్పు చాలు, నేను నొక్కుతా” అని ఫోన్‌ని ఒళ్లో అటు తిప్పేసుకుంది. చెప్పాను. చాలాసేపు నొక్కుతూనే ఉంది.