పొట్టేలు కొమ్ముల బండితో 7 ఏళ్లు, 23,000 కిలోమీటర్లు

మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన నా సైకిల్ని మొదటి రోజు నుంచీ అలాగే పిలుస్తాడు: పొట్టేలు కొమ్ముల బండి. కిందకి వంగి వెనక్కి తిరిగిన హ్యాండిల్ చూసి పెట్టిన పేరు. రోడ్ బైక్ అనడం కంటే నాకూ అదే నచ్చింది.

2018లో కొన్నాను. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం), చక్రం అంచుని పట్టి ఆపే రిమ్ బ్రేకులు, వెనక పళ్ల చక్రాలు 9 ఉన్న షిమానో సోరా గేర్ల సెట్టు. బండి కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇది కంపెనీ మీద సమీక్ష కాదు. షాపులోంచి తెచ్చిన బండికీ ఇవాళ మా వరండాలో ఉన్నదానికీ ఫ్రేము, ఫోర్కు, క్రాంకులు (పెడళ్లు బిగించే కడ్డీలు), గేరు లివర్లు తప్ప పెద్దగా చుట్టరికం లేదు. మధ్యలో ఏం మార్చాను, ఏది ఒంటికి సుఖమిచ్చింది, ఏది డబ్బు దండగ, అదీ ఇక్కడ రాస్తున్నది.

ముందు నా కొలతలు చెప్పాలి, లేకపోతే కింది అంకెలు మీకు పనికిరావు. వయసు 51, బరువు 78 కిలోలు, నడుము వంగమంటే వంగే రకం కాదు. ఉండేది విశాఖలో ఎంవీపీ కాలనీ. ఆదివారం చీకటితో లేచి బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వెళ్లొస్తాను, రానూపోనూ 50 కిలోమీటర్లు అటూ ఇటుగా. ఏడాదికి ఒకట్రెండు సార్లు అరకు. పందేలు లేవు, ఎవరినీ దాటాల్సిన పని లేదు.

సీటుతో మొదలుపెడతాను, అందరి ఏడుపూ అక్కడే కాబట్టి.

బండితో వచ్చిన సీటు సన్నగా, నల్లగా, చూడ్డానికి కత్తిలా ఉండేది. కూర్చున్నాకా కత్తే. మొదటి నెలలోనే చాలామంది చేసే తప్పు నేనూ చేశాను, జెల్ నింపిన మెత్తటి కవరు తొడిగాను. పది కిలోమీటర్లు సోఫా మీద కూర్చున్నట్టే ఉంది. ఋషికొండ దాటేసరికి తిమ్మిరి. ఎందుకో తర్వాత తెలిసింది. సైకిల్ మీద మన బరువు మోయాల్సినవి పిరుదుల కింది రెండు ఎముకలు. సీటు మరీ మెత్తనైతే ఆ ఎముకలు లోపలికి దిగిపోతాయి, మధ్యలో జెల్ పైకి ఉబుకుతుంది, నరాలూ రక్తనాళాలూ ఉన్నచోట అదే వెళ్లి నొక్కుతుంది. పరుపు కొనే తెలివి ఇక్కడ పనికిరాదు.

కావలసింది మెత్తదనం కాదు, సరైన వెడల్పు. దాన్ని కొలవడానికి పైసా ఖర్చు లేదు. గాడులున్న అట్టపెట్టె ముక్క ఒకటి మెట్టు మీద వేసి, దాని మీద కూర్చుని, కాస్త ముందుకు వంగి, లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి మధ్యల దూరం కొలవాలి. "ఏవండీ, అంత మంచి కుర్చీ ఉండగా అట్టముక్క మీద కూర్చున్నారేంటి?" అంది మా ఆవిడ. చెప్పాను. నవ్వి, తనూ కూర్చుని కొలుచుకుంది. నాది 13 సెంటీమీటర్లు. పాత సీటు మొత్తం వెడల్పే 13. అంటే ఆరు నెలలుగా నా రెండు ఎముకలూ సీటు అంచుల మీద వేలాడుతున్నాయన్నమాట. కొలతకి కనీసం రెండు సెంటీమీటర్లు కలిపి సీటు వెతుక్కోమంటారు.

తర్వాత వచ్చింది బ్రూక్స్ బీ17. వందేళ్లకు పైబడిన డిజైను, ఇనుప చట్రం మీద బిగించిన మందపాటి తోలు. మొదటి 700, 800 కిలోమీటర్లు పీట మీద కూర్చున్నట్టుంది. ఆ తర్వాత తోలు నా ఒంటి అచ్చు పట్టుకుంది. అంత సుఖమైన సీటు మళ్లీ దొరకలేదు, దొరకదు కూడా. దాన్ని పాడుచేసింది నేనే. ఒక అక్టోబరు వాయుగుండంలో కవరు వేయకుండా వరండాలో వదిలేశాను, తడి ఆరకముందే మర్నాడు ఎక్కి తొక్కాను. తడి తోలు మీద బరువు పడితే సాగిపోతుంది. సాగింది, మధ్యలో ఊయలలా దిగింది. పైగా మా ఊరి వానాకాలం తేమకి దాని మీద తెల్లటి బూజు. మైనం రాసి, తుడిచి, కవరు కప్పి చూసుకునే ఓపిక ఉంటే తోలు సీటుని మించింది లేదు. ఆ ఓపిక నాకు లేదని ఒప్పుకుని, ఇప్పుడు పదిహేనున్నర సెంటీమీటర్ల వెడల్పు, మధ్యలో గాడి ఉన్న మామూలు రెగ్జిన్ సీటు వాడుతున్నాను. నాలుగేళ్లయింది. దాని గురించి తలుచుకోవాల్సిన అవసరం రావడం లేదు, సీటుకి అంతకంటే మెప్పు ఏముంటుంది.

పనిలో పని, ప్యాడ్ ఉన్న నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఈ ముక్క నాకు ఏడాది పాటు ఎవరూ చెప్పలేదు. కుట్లు ఒరుసుకున్న బాధ పడ్డవాడికే తెలుసు.

ఇక టైర్లు. మొత్తం మార్పుల్లో ఒక్కటే ఎంచుకోమంటే ఇదే.

కొన్నప్పుడు 25 మిల్లీమీటర్ల టైర్లు. వాటిలో నేను 110 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టేవాణ్ని. రాయిలా ఉంటే బండి దూసుకుపోతుందని నమ్మకం. అద్దంలాంటి రోడ్డు మీద అయితే అయి ఉండొచ్చు. గరుకు తారు మీద గట్టి టైరు ప్రతి గులకరాయికీ ఎగురుతుంది, ఆ ఎగురుడుకి మనం తొక్కిన బలం ఖర్చవుతుంది, మిగిలిన దెబ్బ నడుముకి తగులుతుంది. 28కి మారి, ముందు 65, వెనక 75కి దింపాను. వెనక ఎక్కువ ఎందుకంటే బరువు ఎక్కువ పడేది అక్కడే. మొదటి ఆదివారం మంగమారిపేట దాకా వెళ్లి, టైరు పంక్చరయిందేమోనని దిగి చూసుకున్నాను. అంత నిశ్శబ్దం. వేగం తగ్గుతుందనుకున్నాను, భీమిలి చేరే టైము ఏమీ మారలేదు. ఇంటికొచ్చాక నడుం వాల్చడం మాత్రం మానేశాను.

కొత్తగా కొనేవాళ్లు ఇక్కడ ఒకటి చూసుకోవాలి. నా బండిలాంటి రిమ్ బ్రేకుల రోడ్ బైక్ చాలావాటిలో 28 కంటే లావు టైరు పట్టదు, బ్రేకు విల్లుకి తగులుతుంది. వెడల్పు రిమ్ము మీద 28 అని రాసి ఉన్న టైరే ఉబ్బి 29, 30 అవుతుంది. నాకు అగ్గిపుల్ల దూరేంత సందు మిగిలింది. 32 వేసుకోవాలని ఎంత ఉన్నా దారి లేదు. ఇప్పుడు కొంటే డిస్క్ బ్రేకుల బండే కొంటాను, బ్రేకు కోసం కాదు, ఆ సందు కోసం. గాలి తగ్గించమన్నాను కదా అని మరీ దించేయకండి. గుంతలో పడితే ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు కన్నాలు పడతాయి. మీటరున్న పంపు తప్పనిసరి. బొటనవేలితో నొక్కి చూసే లెక్క స్కూలు సైకిళ్లతోనే పోయింది.

చేతుల కథ పెద్దది. శ్రీకాకుళం వైపు హైవే మీద ఒక 200 కిలోమీటర్ల బీఆర్ఎం తొక్కాను, అంటే పందెం కాదు, గడువులోగా ముగించాల్సిన దూరపు సవారీ. 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి, ముగించాను. మర్నాడు ఆఫీసుకి వెళ్తూ చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను. చిటికెన వేలూ దాని పక్క ఉంగరపు వేలూ మొద్దుబారిపోయాయి, వారం దాకా తిరిగి రాలేదు. అరచేతి మడమ మీద గంటల తరబడి బరువు మోపితే అక్కడ నుంచి ఆ రెండు వేళ్లకి వెళ్లే నరం నలుగుతుంది. గ్లవుజులు మార్చాను. హ్యాండిల్ టేపు రెండు పొరలు చుట్టాను. టేపు కింద జెల్ పట్టీలు పెట్టాను. పావు వంతు తగ్గింది.

అసలు దొంగ సీటు అని చెప్పింది మా మెకానిక్ గురువుగారు. ఆయన హ్యాండిల్ వైపు చూడనే లేదు. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చి సీటు మీద పెట్టారు. బుడగ ఒక మూలకి పారిపోయింది. "ఏటి బాబూ, జారుడు బల్ల మీద కూకుంటన్నావు. జారకుండా సేతుల్తో ఆపుకోవా మరి?" అన్నారు. పాత సీటు రోజుల్లో నొప్పి తగ్గుతుందని సీటు ముక్కు కిందకి వంచింది నేనే. ఆ అలవాటు కొత్త సీటుకీ వచ్చింది. సమంగా బిగించాక సగానికి సగం తిమ్మిరి పోయింది. ఖర్చు, ఆయనకి తాగించిన టీ.

మిగతా సగం స్టెమ్ వల్ల. హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ఆ చిన్న మెడ నా బండికి 110 మిల్లీమీటర్లు, కిందకి చూస్తూ ఉండేది. తలకిందులు చేసి బిగిస్తే పైకి చూస్తుంది, హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు లేస్తుంది. అలా చేసి, తర్వాత 90 మిల్లీమీటర్లది కొన్నాను, 900 రూపాయలు. మెడ నొప్పి, భుజాల నొప్పి రెండూ పోయాయి. ఇంకా పైకి లేపాలని స్టెమ్ కింద రింగులు పేర్చబోతే గురువుగారు ఒప్పుకోలేదు. ఫోర్కు లోపలి గొట్టం కూడా కార్బనే అయితే దాని మీద ఎంత ఎత్తు రింగులు వేయొచ్చో హద్దు ఉంటుంది, మాన్యువల్లో చూడాలి. నాది 30 మిల్లీమీటర్లు.

పరువు పోయింది కూడా ఇక్కడే. రోడ్ బైక్ వాళ్లకి హ్యాండిల్ ఎంత కిందకి ఉంటే అంత అందం. ఫొటోలో సీటు పైన, హ్యాండిల్ కింద, మధ్యలో ఒక్క రింగు కూడా ఉండకూడదు. తొట్లకొండ మలుపు దగ్గర ఒక కుర్రాడు నా పక్కకొచ్చి, "అంకుల్, మీ స్టెమ్ ఉల్టా బిగించేశాడండి షాపువాడు" అన్నాడు, పాపం సాయం చేద్దామనే. లేదు నాన్నా, కావాలనే, అన్నాను. మర్యాదగా తలూపి ముందుకి వెళ్లిపోయాడు. చాలా రోజులు ఫొటోలకి స్టెమ్ కనపడకుండా బండిని వంచి నిలబెట్టేవాణ్ని. ఎప్పుడు మానేశానో గుర్తులేదు.

మోకాళ్ల గురించి రెండు ముక్కలు. మూడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ఒక లెక్క ఉంది. కాళ్ల మధ్య నుంచి నేల దాకా కొలతని 0.883తో గుణిస్తే, క్రాంకులు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. నాకు 81 సెంటీమీటర్లు, అంటే ఎత్తు 71.5. అక్కడ నుంచి మొదలుపెట్టి మూడు మిల్లీమీటర్లు దించాను. ఇంకోటి, వెనక పెద్ద పళ్ల చక్రం. 28 పళ్లది తీసి, పెద్ద చక్రానికి 34 పళ్లున్న క్యాసెట్టు (వెనక పళ్ల చక్రాల గుత్తి) వేయించాను, ముందు చిన్న చక్రమూ 34. ఒక్క తొక్కుడికి టైరు ఒక్క చుట్టు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక ఆ సుఖం తెలుస్తుంది. అంతకుముందు టైడా దగ్గరే దిగి తోసుకునేవాణ్ని. ఇప్పుడు అనంతగిరి కాఫీ తోటల దాకా ఆవులా నములుతూ ఎక్కేస్తాను, మోకాలు కిక్కురుమనదు.

డబ్బు దండగ అంటే కార్బన్ సీట్‌పోస్ట్, సీటు కింది గొట్టం. 9,000 రూపాయలు. కుదుపు మింగేస్తుందన్నారు. టైర్లో 10 పీఎస్ఐ దించితే వచ్చిన తేడాలో సగం కూడా రాలేదు. చూడ్డానికి బాగుంటుంది, ఆ మాట ఒప్పుకుంటాను.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి వేరే చెప్పాలి. మా ఉప్పు గాలికి చైను ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. తొక్కి రాగానే తడిగుడ్డ, పొడిగుడ్డ, చైనుకి నూనె, ఈ మూడూ స్నానం కంటే ముందు. చైను సాగిందో లేదో స్కూలు స్కేలు చాలు: 12 అంగుళాల మధ్య 12 జంట లింకులు సరిగ్గా పట్టాలి, అంగుళంలో పదహారో వంతు దాటితే మార్చేయాలి. సీటు గొట్టం మూడేళ్లు కదపకుండా ఉంచితే ఫ్రేములో అతుక్కుపోయింది, తీయడానికి ఇద్దరికి ఒక పూట పట్టింది. అన్నిటికంటే భయపెట్టింది హ్యాండిల్. అదే ఏడాది టేపు విప్పితే కింద తెల్లటి పొడి, గోరు దిగే గుంటలు. చెమటా ఉప్పూ టేపు కింద చేరి అల్యూమినియాన్ని తినేశాయి. నా రెండు పొరల టేపు ఆ తడిని ఇంకా పట్టి ఉంచిందనుకుంటాను. ఘాట్ దిగేటప్పుడు అది విరిగి ఉంటే, ఈ సమీక్ష ఉండేది కాదు. అందుకే సుఖం కోసం టేపు ఎన్ని పొరలైనా చుట్టండి, ఏడాదికోసారి విప్పి చూడండి.

మొన్న దసరాకి ఎప్పటిలాగే బండి కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పాత స్టెమ్ కిందకి జారుగా ఉండేది, ఏటా బొట్టు పెడితే కుంకుమ రాలి టేపు మీద పడి మరకయ్యేది, దాని మీద మా ఇంట్లో చిన్న యుద్ధం. ఈసారి మా ఆవిడ వేలు ఎక్కడ ఆనించాలో వెతుక్కోలేదు.

"ఇది తిరగేశాక బొట్టు నిలుస్తోందండీ," అంది.