అంబాసిడర్‌కు ఇంజెక్షన్: థ్రాటిల్ బాడీనా, పోర్టా?

నల్లగొండ ఎండకు పాత అంబాసిడర్ కార్బొరేటర్‌లో (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) పెట్రోల్ మరిగి, నార్కట్‌పల్లి చేరకముందే బండి మొరాయిస్తది. దాని బదులు పెట్రోల్‌ను ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ పెట్టాలంటే దారులు రెండు.

థ్రాటిల్ బాడీ రకం కార్బొరేటర్ తీసిన చోటనే కూర్చుని, అన్ని సిలిండర్లకూ అక్కడినుంచే పెట్రోల్ చిమ్ముతది. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పినట్టు పెట్రోల్ మోతాదు తానే సరిచేసుకుంటది.

పోర్ట్ రకంలో సిలిండర్‌కొక ఇంజెక్టర్, కొలత కచ్చితం. కానీ పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్‌లో నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ పోర్టులు, అంటే గాలి, పెట్రోల్ లోపలికి పోయే దారులు, రెండే! పక్కపక్క సిలిండర్లు ఒకే దారిలో పీలుస్తయి; ఒకదాని వాటా ఇంకోటి గుంజుకుంటది. ఆ లెక్క సరిచేయాలంటే ల్యాప్‌టాప్‌తో ట్యూనింగ్ చేసే మెకానిక్ కావాలె. ఆయన్ను హైదరాబాద్‌లో వెతుక్కోవాలె. నా ఓటు మొదటిదానికే.

ఏది పెట్టినా పాత మెకానికల్ పంపు చాలదు. ఎలక్ట్రిక్ పంపు, ప్రెషర్‌కు తట్టుకునే పైపులు తప్పవు. వీటికి కరెంటు ఎక్కువ కావాలె; బండి ఇంకా పాత డైనమోతోనే నడుస్తుంటే ముందు ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ వేయించుండ్రి.