చేయెత్తినవారినా, పేరు పిలిచా, అందరినీ ఒకేసారా: తరగతిలో ప్రశ్న అడగడానికి ఏ పద్ధతి మేలు?

పాఠ్యపథకం రాసేటప్పుడు మొదట బోధనా లక్ష్యాలు, వాటి కింద స్పష్టీకరణలు, అంటే లక్ష్యం నెరవేరితే విద్యార్థి చేసి చూపగలిగే పనులు, రాస్తాం. ‘విద్యార్థులు రెండు దశాంశ సంఖ్యలను పోల్చి, పెద్దదానిని గుర్తించి, కారణం చెబుతారు’ అని రాసుకున్న వాక్యం పీరియడ్ ముగిసేసరికి నిజమైందో కాదో తెలుసుకోవడానికి ఉపాధ్యాయుల చేతిలో ఉన్న ప్రధాన సాధనం ప్రశ్న. యూనిట్ పరీక్ష దాకా ఆగితే అప్పటికి పాఠం దాటిపోయి ఉంటుంది, తప్పు అవగాహన పిల్లల్లో పాతుకుపోయి ఉంటుంది. అయితే ప్రశ్న ఎంత మంచిదైనా, దానికి జవాబును ఎవరి నుంచి ఎలా తీసుకుంటున్నామన్నదాన్ని బట్టి మనకు తెలిసే విషయం మారిపోతుంది. చేయెత్తినవారిని అడగడం, ప్రశ్న వేసి కాసేపు ఆగి ఒకరి పేరు పిలవడం, అందరిచేతా పలకల మీద ఒకేసారి జవాబు రాయించడం అనే మూడు పద్ధతులను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. లక్ష్యం నెరవేరిందా లేదా అని తెలుసుకోవడానికి మూడోదే మేలు. ఒక విద్యార్థి ఆలోచనా క్రమాన్ని బయటికి తేవడానికి రెండోది మేలు. అన్నిచోట్లా ఎక్కువగా కనిపించే మొదటి పద్ధతికి ఉన్న చోటు చాలా చిన్నది.

లక్ష్యం స్పష్టంగా లేకపోతే ఈ పోలికకు అర్థం ఉండదు కాబట్టి దాని గురించి కొంత చెప్పాలి. అమెరికా విద్యా నిపుణుడు రాబర్ట్ మేగర్ 1962లో సూచించిన ప్రకారం మంచి లక్ష్యంలో మూడు అంశాలుండాలి: విద్యార్థి చేయగలిగే పని, ఏ పరిస్థితుల్లో చేయాలన్నది, ఎంత బాగా చేస్తే సరిపోతుందన్నది. అంతకుముందే, 1956లో, విద్యా మనోవిజ్ఞాని బెంజమిన్ బ్లూమ్ బృందం లక్ష్యాలను జ్ఞానం నుంచి మూల్యాంకనం దాకా ఆరు స్థాయిలుగా వర్గీకరించింది. 2001లో ఆ వర్గీకరణను సవరించినవారు స్థాయిల పేర్లను నామవాచకాల నుంచి క్రియలకు మార్చి, సృజనను అన్నిటికన్నా పైన ఉంచారు. ‘దశాంశాలను అర్థం చేసుకుంటారు’ అని రాసుకుంటే ఏం అడగాలో తెలియదు. ‘పోల్చి కారణం చెబుతారు’ అని రాసుకుంటే ప్రశ్న దానంతటదే రూపుదిద్దుకుంటుంది. పైగా ఆ లక్ష్యం తరగతిలోని ప్రతి ఒక్కరి కోసం రాసుకున్నది, ముందు వరుసలోని నలుగురి కోసం కాదు. మూడు పద్ధతులనూ తూచవలసింది ఈ ప్రమాణంతోనే.

చేయెత్తినవారిని అడిగే పద్ధతిలో పాఠం చకచకా సాగుతుంది, ఎవరూ ఇబ్బంది పడరు, సరైన జవాబు త్వరగా వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఉపాధ్యాయులు అడగడం, ఒక విద్యార్థి చెప్పడం, ‘బాగుంది’ అని ఉపాధ్యాయులు తేల్చడం అనే ఈ మూడడుగుల వరుసను సామాజిక శాస్త్రవేత్త హ్యూ మెహన్ 1979లో వివరంగా చిత్రించారు. ఆ వరుస పూర్తయ్యేసరికి తరగతి మొత్తం నేర్చుకున్నట్టు ఒక భావన కలుగుతుంది. కానీ చేయెత్తేది తమకు తెలుసన్న నమ్మకం ఉన్నవారే కాబట్టి, వారి జవాబులు మిగిలినవారి గురించి ఏమీ చెప్పవు. దీనికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం మరొకటి ఉంది. చేయి ఎత్తకపోతే ఆలోచించనక్కర లేదని కొందరు పిల్లలు చిన్న తరగతుల్లోనే గ్రహించి, ఏళ్ల తరబడి అలాగే మౌనంగా ఉండిపోతారు. ఈ పద్ధతి పనికివచ్చే సందర్భాలూ లేకపోలేదు. ఒకే లెక్కకు వేరువేరు దారులు అడిగేటప్పుడు, సందేహాలు చెప్పమన్నప్పుడు, కథలోని పాత్ర గురించి సొంత అభిప్రాయం కోరినప్పుడు, అంటే అందరి నుంచీ ఒకే జవాబు ఆశించని చోట, ఇష్టపడి ముందుకు వచ్చినవారి మాట వినడమే సరైనది.

పేరు పిలిచే పద్ధతి ఎంతవరకు ఫలిస్తుందన్నది వరుసను బట్టి ఉంటుంది. ముందు పేరు పిలిచి తర్వాత ప్రశ్న వేస్తే, ఆ పేరు వినగానే మిగిలినవారందరికీ బాధ్యత తీరిపోతుంది. ముందు ప్రశ్న, తర్వాత నిశ్శబ్దం, ఆ తర్వాతే పేరు రావాలి. ఆ నిశ్శబ్దం గురించి విజ్ఞానశాస్త్ర బోధనపై పనిచేసిన మేరీ బడ్ రో చేసిన పరిశోధన ప్రసిద్ధమైనది. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని 3 సెకన్లకు పైగా పెంచినప్పుడు జవాబులు నిడివిగా, కారణాలతో సహా వచ్చాయని, ‘తెలియదు’ అనడం తగ్గిందని, అంతవరకు మాట్లాడనివారు కూడా మాట్లాడారని ఆమె 1970ల్లో చూపారు. ప్రశ్న తర్వాతి విరామమే కాక, జవాబు తర్వాతి విరామం గురించి కూడా ఆమె చెప్పారు. అభ్యాసం లేనివారికి ఈ రెండోదే కష్టం. విద్యార్థి ఒక వాక్యం ముగించీ ముగించకముందే మనం అందుకుంటాం, అతను చెప్పబోయిన కారణం గొంతులోనే ఆగిపోతుంది.

పేరు పిలవడం వల్ల బిడియస్తులు నలుగురిలో చిన్నబోతారన్న అభ్యంతరం న్యాయమైనదే. దాన్ని కొట్టిపారేయకూడదు. అమెరికా విద్యావేత్త ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రతిపాదించిన పద్ధతి ఇందుకు చక్కని ఉపాయం. దాని ప్రకారం మొదట ఒంటరిగా ఆలోచించి, తర్వాత పక్కవారితో చర్చించి, ఆ పైన తరగతికి చెబుతారు. అప్పటికే ఒకసారి పక్కవారి దగ్గర పలికిన మాట కాబట్టి నలుగురి ముందు చెప్పడానికి అంత జంకు ఉండదు. అయినా ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఎంత బాగా నడిపినా ఒక ప్రశ్నకు మనం వినేది ఒకరిద్దరి జవాబే.

అందరిచేతా రాయించే పద్ధతి విలువ ఒక ఉదాహరణలో చూస్తే బాగా తెలుస్తుంది. 0.35, 0.4 లలో ఏది పెద్దదో పలక మీద రాసి, చెప్పినప్పుడు ఒక్కసారిగా పైకెత్తమన్నాం అనుకుందాం. కొందరు 0.35 అని రాస్తారు. దశాంశ బిందువు తర్వాతి అంకెలను వారు పూర్ణసంఖ్యలుగా చదివి, 4 కన్నా 35 పెద్దది కదా అనుకుంటారు. మిగిలినవారు 0.4 అని రాశారు కాబట్టి వారికి తెలిసినట్టేనా? అవసరం లేదు. నూరోవంతు పదోవంతు కన్నా చిన్నది కనుక ఎక్కువ అంకెలున్న సంఖ్యే చిన్నదని నమ్మే పిల్లలు కూడా ఇక్కడ 0.4 అనే రాస్తారు. వెంటనే 0.62, 0.5 లను ఇస్తే వారు 0.5 అని రాసి బయటపడతారు. మొదటి రకంవారు మాత్రం ఈసారి 0.62 అని సరిగానే రాస్తారు. రెండింటిలో ఏ ఒక్క ప్రశ్న అడిగినా ఒక రకం పొరపాటు కనిపించకుండా పోతుంది. రెండూ అందరినీ అడిగితే తరగతిలో ఎవరు ఏ దారిలో ఆలోచిస్తున్నారో నిమిషంలో కళ్లకు కడుతుంది. చేయెత్తినవారిని అడిగితే ఇది ఎన్నటికీ తెలియదు.

ఇక్కడ ఒక మాట. ‘అర్థమైందా?’ అంటే ‘అర్థమైంది సార్’ అని తరగతంతా ముక్తకంఠంతో అనడం అందరి జవాబు కాదు. ఇద్దరు ముగ్గురు అందుకుంటే మిగతావారు గొంతు కలుపుతారు. ఎవరికివారు విడిగా రాయడం, అందరూ ఒకేసారి చూపడం ఈ పద్ధతికి ప్రాణం. పలకలు లేకపోతే నాలుగు ఐచ్ఛికాలిచ్చి ఛాతీ దగ్గర వేళ్లతో చూపమన్నా సరిపోతుంది. విద్యా మనోవిజ్ఞాని బరాక్ రోజెన్‌షైన్ 2012లో క్రోడీకరించిన పది బోధనా సూత్రాల్లో ఎక్కువ ప్రశ్నలు అడిగి విద్యార్థులందరి జవాబులూ పరిశీలించడం ఒకటి, అభ్యాస దశలో సుమారు 80 శాతం సరైన జవాబులు వచ్చేలా చూసుకోవడం మరొకటి. అందరి జవాబులూ కనబడని తరగతిలో ఆ 80 శాతం చేరామో లేదో చెప్పగలిగే వీలే లేదు.

ఈ పద్ధతికీ లోటుంది. పలక మీద పట్టేది ఒక సంఖ్య, ఒక పదం, ఒక చిన్న బొమ్మ మాత్రమే. ‘కారణం చెబుతారు’ అన్న సగం లక్ష్యానికి అది చాలదు. అందుకే ఒకే పీరియడ్‌లో దీని వెనువెంటనే పేరు పిలవడం రావాలని నా గట్టి నమ్మకం. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల నుంచి వాడుతున్న క్రమం ఇలాంటిదే. విద్యార్థులు విడిగా జవాబిస్తారు. సరైన జవాబులు మరీ తక్కువైతే ఆయన పాఠాన్ని మళ్లీ వివరిస్తారు, చాలా ఎక్కువైతే ముందుకు సాగుతారు, మధ్యలో ఉంటే పక్కవారితో వాదించుకోనిచ్చి అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు.

దశాంశాల తరగతిలోనూ అలాగే చేయవచ్చు. పలకలు రెండోసారి పైకి లేచినప్పుడు జవాబు మార్చుకున్న ఒకరిని గమనించి, ‘ఇందాక 0.35 అని రాశావు కదా, ఇప్పుడు ఎందుకు మార్చావు?’ అని పేరు పెట్టి అడిగి, కనీసం 3 సెకన్లు ఆగాలి. ‘0.4 అంటే 40 నూరోవంతులు’ అన్న మాట తోటి విద్యార్థి నోట వస్తే, దాన్ని నల్లబల్ల మీద 0.40 అని రాసి, మరో జత సంఖ్యలిచ్చి పలకలు తీయమనాలి.