మిల్లీమీటరు తక్కువైన పారిస్ పతకం

పాత అంతర్జాతీయ ప్రదర్శనల పతకాలు పోగుచేసే పిచ్చి ఈసారి నన్ను విజయనగరం లాక్కొచ్చింది. గంటస్తంభానికి కాస్త దూరంలో, ఒక పాత సామాన్ల దుకాణంలో 1900 పారిస్ ప్రదర్శన కంచు పతకం ఉందని కబురు అందింది. పోల్చి చూసుకోవడానికి నా దగ్గరున్న అసలుదాన్ని జేబులో వేసుకుని బయలుదేరాను.

బస్టాండు దగ్గర లాడ్జిలో గది 900 రూపాయలు. పక్క శుభ్రమే. వేడినీళ్లు బకెట్టు లెక్కన, అదీ ఏడింటిలోపు అడిగితేనే. రాత్రంతా హారన్లు. ఒంటరిగా అయితే సరే, పిల్లాపాపలతో వద్దు.

దుకాణంలో ఆరు వేలు చెప్పారు. జూల్ క్లెమాన్ షాప్లాన్ రూపొందించిన పతకం అది: విజేతను వీపున మోస్తూ ఎగిరే రెక్కల దేవత, బహుమతి పొందినవారి పేరు చెక్కడానికి చిన్న పలక. బొమ్మంతా ఉంది గానీ రెక్కల ఈకలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అంచు తిప్పి చూశాను. 1880 నుంచి పారిస్ టంకశాల తన పతకాల అంచున పూలూ పండ్లూ నిండిన కొమ్ము గుర్తు, పక్కనే లోహం పేరు కొడుతుంది. ఇక్కడ ఆ చోట ఆకురాయి గీతలున్నాయి. కొలిస్తే నాదానికన్నా మిల్లీమీటరు తక్కువ! రేపు చెబుతానని వచ్చేశాను.

మర్నాడు రైల్లో శ్రీకాకుళం వెళ్లాను. స్టేషను ఉన్నది ఆముదాలవలసలో. అక్కడి నుంచి ఊళ్లోకి ఆటో ఖర్చు వేరే. బస్సే మేలు. ఆదివారం కాకపోవడంతో అరసవల్లి దర్శనం త్వరగానే అయింది. హోటలు గదికి 1,500 తీసుకున్నా కంటినిండా నిద్ర పట్టింది.

అసలు లాభం సారవకోట మండలంలోని బుడితిలో దొరికింది. కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు. అక్కడి పెద్దాయనకు కొలత సంగతి చెప్పగానే నవ్వారు. "కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది బాబూ. అసలు బిళ్ళను మట్టిలో అద్ది పోసినదే అది. ఎంత బాగా పోసినా ఒక పిసరు తగ్గుతుంది." అసలు పతకం ఉక్కు అచ్చుల మధ్య అదిమి తీసినది. అందుకే ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు.

నా పతకాన్ని ఆయన వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది ఇక్కడ వదిలి వెళ్లండి, సాయంత్రానికి ఇలాంటిది ఇంకొకటి పోసిస్తాను." ఒక కంచు చెంబు కొని, పతకం జేబులో భద్రంగా దోపుకుని ఆటో ఎక్కాను.