హ్యాండ్‌బ్రేకు లూజయితే ముందు తెరవాల్సింది డ్రమ్ము

చిన్న కారు హ్యాండ్‌బ్రేకు లూజయిందని షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల జరిగేది ఒకటే. లివర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవరు ఊడదీస్తారు, అడుగున ఉన్న నట్టును నాలుగు చుట్లు బిగిస్తారు, అయిపోయిందని తాళాలు చేతికిస్తారు. లివర్ పట్టుకుని లాగితే నిజంగానే గట్టిగా తగులుతుంది. ఆ గట్టిదనం ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే అసలు సంగతి. మా పాత హ్యాచ్‌బ్యాక్‌కు ఇలా నట్టు బిగింపు చేయించాను, తర్వాత వెనక డ్రమ్ములు (చక్రంతో పాటే తిరిగే, లోపల బ్రేకు ఉండే ఇనుప గిన్నెలు) తెరిపించి లోపలి నుంచి సరిచేయించాను, ఆ తర్వాత కేబుళ్లు కూడా మార్పించాను. మూడింటితోనూ విశాఖపట్నం ఎత్తుపల్లాల్లో చాలాకాలం తిరిగిన అనుభవంతో రాస్తున్నాను.

ఈ ఊళ్లో హ్యాండ్‌బ్రేకు పేరుకు ఉంటే చాలదు. సెలవు రోజున సింహాచలం ఘాట్ రోడ్డులో బండ్లు బారులు తీరినప్పుడు ముందు బండి కదిలేదాకా ఏటవాలులో నిలబడాలి. వెనక బంపరుకు అడుగు దూరంలో ఇంకో బండి, మన వెనక సీట్లో మోకాళ్ల నొప్పులతో అత్తగారు. అనంతగిరి మీదుగా అరకు వెళ్లే దారిలోనూ ఇదే అవసరం. పైగా సముద్రపు గాలి ఇనుము మీద ఎలా పనిచేస్తుందో తీరప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

చిన్న కార్లలో ఎక్కువ వాటికి వెనక డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. లివర్ లాగితే కేబుల్ బిగుసుకుని, ప్రతి వెనక చక్రంలోనూ ఒక చిన్న మీటను లాగుతుంది. ఆ మీట రెండు బ్రేకు షూలను, అంటే రాపిడి లైనింగ్ అతికించిన వంపు ముక్కలను, విడదీసి డ్రమ్ము లోపలి గోడకు నొక్కుతుంది. బ్రేకు ఆయిల్‌తో దీనికి సంబంధం లేదు, అంతా ఇనుప తీగ మీదే. షూల లైనింగ్ అరిగేకొద్దీ షూకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందును ఎప్పటికప్పుడు పూడ్చడానికి డ్రమ్ములోనే ఒక అడ్జస్టర్ ఉంటుంది. మా బండిలో అది పళ్లచక్రం ఉన్న చిన్న మరకడ్డీ. అది దుమ్ముతో, తుప్పుతో బిగుసుకుపోయిందంటే సందు పెరుగుతూనే ఉంటుంది, లివర్ పైపైకి వస్తూనే ఉంటుంది. అంటే లూజు కనిపించేది మన చేతి దగ్గర, పుట్టేది చక్రం దగ్గర.

నట్టు బిగింపు మీద నా అభ్యంతరం ఇక్కడే. కేబుల్‌ను మరీ లాగి బిగిస్తే డ్రమ్ములోని మీట పూర్తిగా వెనక్కి వెళ్లి ఆనదు. అది వెనక్కి వెళ్లకపోతే అడ్జస్టర్ ముందుకు తిరగదు. అంటే ఏ భాగం పనిచేయక లూజు వచ్చిందో ఆ భాగాన్ని చేజేతులా కట్టిపడేసినట్లు. నట్టు బిగించాక మా బండి కొంతకాలం బాగానే నిలబడింది. తర్వాత లివర్ మళ్లీ పైకి రావడమే కాకుండా కాలి బ్రేకు కూడా లోతుకు వెళ్లడం మొదలైంది. ఒక వెనక చక్రం దగ్గరకు చెయ్యి తీసుకెళ్తే రెండోదానికంటే వేడి ఎక్కువ తగిలేది. షూ అక్కడ ఎప్పుడూ రాసుకుంటూనే ఉందన్నమాట. మైలేజీ మీద, లైనింగ్ మీద, బేరింగు మీద పడే భారం వేరే.

ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. చదునైన చోట ఇంజను ఆపి కాలి బ్రేకు నొక్కి ఎంత లోతుకు వెళ్తోందో చూడండి. తర్వాత హ్యాండ్‌బ్రేకును రెండు క్లిక్కులు లాగి మళ్లీ నొక్కండి. రెండోసారి పెడల్ స్పష్టంగా పైనే ఆగితే షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నాయని అర్థం. అప్పుడు కేబుల్ జోలికి వెళ్లకుండా డ్రమ్ము తెరిపించాలి. నాకు ఈ చిట్కా చెప్పింది గాజువాక వైపు ఒక చిన్న షెడ్డులో పనిచేసే పెద్దాయన. "అమ్మా, బిగించమంటే ఇప్పుడే బిగించేస్తాను. లోపల చూడకుండా బిగిస్తే మాత్రం మళ్లీ నా దగ్గరకే వస్తారు" అన్నారు. పని పోగొట్టుకునే మాట ముందే చెప్పే మెకానిక్ దొరకడం నిజంగా అదృష్టం.

డ్రమ్ములు తెరిచిన రోజు పక్కనే నిలబడి చూశాను. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక జాకీ ఎత్తి స్టాండ్ల మీద నిలిపారు. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కింద చెయ్యి పెట్టకూడదని కుర్రవాడికి గట్టిగా చెప్పడం విన్నాను. డ్రమ్ము ఓ పట్టాన ఊడలేదు, అంచున తుప్పు గట్టు కట్టి షూలను పట్టేసింది. డ్రమ్ము మీద ఉన్న రెండు మర రంధ్రాల్లో బోల్టులు ఎక్కించి సమంగా తిప్పుకుంటూ పోతే చివరికి టప్పున వదిలింది. లోపల నల్లటి పొడి. దాన్ని గాలికొట్టి ఎగరగొట్టకుండా తడిపి కడిగారు. పాత లైనింగుల పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఎంత ప్రమాదమో తెలిసిన మనిషి. అడ్జస్టర్ పళ్లచక్రం వేలితో అంగుళం కూడా కదల్లేదు. కిరోసిన్‌లో నానబెట్టి, తీగ బ్రష్షుతో రుద్ది, మరల్లో పలుచగా బ్రేకు గ్రీజు పట్టించాక బొటనవేలితో తోస్తే జారిపోయింది. వెనక పలక మీద షూ ఆనే చోట్ల కూడా చుక్క గ్రీజు. లైనింగ్ మీద పడితే ఆ షూ పనికిరాదు కాబట్టి అగ్గిపుల్లతో పూశారు. డ్రమ్ము మీద పోతపోసిన గరిష్ఠ వ్యాసం అంకె చూసి కొలిచారు, ఇంకా ఆ హద్దు లోపలే ఉంది. లైనింగ్ కూడా సగానికి పైగా మిగిలే ఉంది. కొత్త షూలు కొనక్కర్లేదని చెప్పారు.

బిగించేటప్పుడు వరుస ముఖ్యం. మొదట లివర్ దగ్గరి నట్టును వదులు చేసి కేబుల్‌ను పూర్తిగా స్వేచ్ఛగా ఉంచారు. తర్వాత డ్రమ్ములు ఎక్కించి, కాలి బ్రేకును పదేపదే నొక్కి అడ్జస్టర్లను వాటంతటవే సందు పూడ్చుకోనిచ్చారు. అన్నిటికంటే చివర కేబుల్ నట్టు. లివర్ దించి ఉంటే రెండు చక్రాలూ చేత్తో తిరగాలి, ఒకటి రెండు క్లిక్కుల దగ్గర కాస్త పట్టాలి, ఐదో క్లిక్కుకు రెండూ ఒకేసారి బిగుసుకోవాలి. ఎన్నో క్లిక్కుకు ఆగాలన్నది బండి పుస్తకంలో ఉంటుంది, చిన్న కార్లలో చాలావాటికి అది నాలుగు నుంచి ఎనిమిది లోపే. ఈ పని తర్వాత లివర్ తేలికగా వచ్చేది, కాలి బ్రేకు పైనే దొరికేది. ఆ మార్పు సంవత్సరాల పాటు నిలిచింది. కూలీ నట్టు బిగింపుకు చాలా రెట్లు. నా లెక్కలో ప్రతి రూపాయీ సార్థకమే.

కేబుళ్లు మార్చాల్సి వచ్చింది వేరే కారణానికి. ఒక వానాకాలంలో లివర్ దించినా ఎడమ చక్రం వదలడం మానేసింది. తొడుగు పగిలిన చోట నీరు చేరి లోపలి తీగ తుప్పు పట్టింది. అలాంటి కేబుల్‌కు నూనె పోసి నడిపించడం నాకు ఇష్టం లేదు, రెండు వైపులా కొత్తవే వేయించాను. కొత్త తీగ మొదట్లో కొంచెం సాగుతుంది కాబట్టి కొన్ని వారాలకు ఒకసారి మళ్లీ సరిచూపించుకోవాలి. ఆ సర్దుబాటుకు మాత్రం నట్టు తిప్పడమే సరైన పని.

ఒక హెచ్చరిక. లివర్ కొద్ది క్లిక్కులకే గట్టిగా తగులుతూ కూడా బండి వాలులో జారుతుంటే అది లూజు సమస్య కానే కాదు. చక్రంలోని సిలిండర్ (కాలి బ్రేకు నొక్కితే ఆయిల్ ఒత్తిడితో షూలను తోసే భాగం) కారి షూలు బ్రేకు ఆయిల్‌తో తడిసి ఉండవచ్చు. అప్పుడు వాయిదా వేయకుండా బండిని షెడ్డుకు అప్పగించండి, ఎందుకంటే కాలి బ్రేకు పనిచేసేది ఆ ఆయిల్ మీదే.

హ్యాండ్‌బ్రేకు ఎంత మోయాలో ఒక కొలమానం ఉంది. యూరప్‌లో అమలయ్యే ఐక్యరాజ్యసమితి నియమం 13-హెచ్ ప్రకారం పూర్తి బరువుతో ఉన్న కారును అది 20 శాతం వాలులో కదలకుండా నిలపాలి, అంటే వంద మీటర్లకు ఇరవై మీటర్ల ఎత్తు. అదీ చేతి బలం 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోలు, దాటకుండా. లివర్‌ను రెండు చేతులతో పీకాల్సి వస్తోందంటే ఏదో తేడా ఉన్నట్లే.

బాగుచేయించాక కూడా వాలులో ఆపేటప్పుడు నేను పాటించే వరుస ఒకటి ఉంది. కాలి బ్రేకు పట్టి న్యూట్రల్ చేసి హ్యాండ్‌బ్రేకు వేస్తాను, మెల్లగా కాలు తీసి బరువంతా దాని మీద పడనిస్తాను, నిలబడిందని చూసుకున్నాకే గేరు వేస్తాను. ముందు భాగం ఎత్తువైపు ఉంటే ఫస్ట్, పల్లంవైపు ఉంటే రివర్స్. రోజుల తరబడి బండి తీయనప్పుడు, ముఖ్యంగా వానల్లో, షూలు డ్రమ్ముకు అంటుకుపోకుండా హ్యాండ్‌బ్రేకు వేయను. చదునైన చోట గేరులో ఉంచి చక్రానికి రాయి పెడతాను. ప్రస్తుతం మా బండి సీతమ్మధార వాలులో ఐదో క్లిక్కుకు నిలుస్తోంది. ఏడు దాటిన రోజు నట్టు ముట్టనివ్వకుండా నేరుగా డ్రమ్ములే తెరిపిస్తాను.